ఎడ్విన్ సారుకూ అదే జబ్బు

ఎవరికి ఏ జబ్బు వచ్చినా అది తనకూ ఉందనడం ఎడ్విన్ సారుకున్న ఒకే ఒక్క జబ్బు.

వరికుంటపాడు హైస్కూల్లో అతను లెక్కలు, నేను తెలుగు చెప్పేవాళ్లం. హెడ్మాస్టరు మోకాళ్లు పట్టేశాయని మెట్ల దగ్గర ఆగితే, వెనకాలే ఎడ్విన్ గోడ పట్టుకునేవాడు. "నాకు రెండూ పోయినాయి సార్. ఎడమది మరీను!" అనుపమ టీచరు నెల తప్పి, వాంతులని సెలవు చీటీ రాస్తుంటే తొంగిచూసి, "నాకూ నిన్నట్నించి ఒకటే వికారంగా ఉండాది టీచర్" అన్నాడు. ఆమె పెన్ను కిందపడేసి నవ్వింది.

అలాంటివాడు, వాళ్లమ్మ ఎస్తేరమ్మకు రొమ్ము కేన్సరని తెలిసిన రోజు మాత్రం నోరెత్తలేదు. నెల్లూరులో ఆపరేషను చేశారు. మూడు వారాలకొకటి చొప్పున ఆరు కీమోలన్నారు. మొదటి రెండింటికే ఆమె సగమైపోయింది. ముద్ద నోట్లో పెడితే ఇనుము నమిలినట్టుందని పళ్లెం తోసేసేది. మూడోదానికి ఉదయగిరిలోని ఇంటి నుంచి నెల్లూరికి బస్సులో అంతదూరం తీసుకెళ్తే, రక్తం బాగా తగ్గింది, ఒంట్లో బలముంటేనే మందెక్కిస్తామని వెనక్కి పంపేశారు.

ఇంటికి రాగానే ఎడ్విన్ మంచమెక్కాడు. నేను చూడబోయేసరికి తల్లి ఒక మంచం మీద, కొడుకు ఇంకో మంచం మీద.

"నీకేమైంది సారూ?"

"నోరంతా చేదు. ఏది తిన్నా ఇనుము నమిలినట్టే ఉండాది. జుట్టు కూడా రాలతా ఉండాది."

ఎస్తేరమ్మ దుప్పటి తీసి కొడుకు బట్టతల వంక చూసింది. "నీకు జుట్టు ఉండిందెప్పుడురా రాలేదానికి?"

"అదే అమ్మా, మొత్తం పోయినాది!"

ఆమె ఫక్కున నవ్వింది. ఆపరేషను తర్వాత నవ్వడం అదే మొదలు. "రెండు ముద్దలు చారన్నం పెడతా, తింటావా?"

"నువ్వు తింటే తింటా. ఒక్కణ్ణే తింటే వాంతొస్తాది."

ఆమె గోడ పట్టుకుని లేచింది. చారు కాచింది. కొడుక్కో ముద్ద, తనకో ముద్ద. రోజూ అదే వరస. పై వారం మందెక్కించారు.

నాలుగో కీమోకి నేనూ తోడు వెళ్లాను. లోపల ఆమెకి మందు ఎక్కుతుండగా ఆస్పత్రి క్యాంటీనులో ఎడ్విన్ దొరికిపోయాడు. రెండో ప్లేటు పూరీ.

"నోరు చేదన్నావే!"

అతను నమలడం ఆపాడు. "మాయమ్మ తనకోసమని ఏనాడూ పొయ్యి ముట్టించలేదు సారూ. ఎవురికో ఒకరికి పెట్టాలంటేనే లేస్తాది. మా నాయన పోయినాక ఇంట్లో ఉండేది నేనొక్కణ్ణే గదా. అందుకని నేనే పడుకున్నా."

ఆరూ పూర్తయ్యాయి. స్కానింగులో ఏమీ లేదన్నారు. చూసిపోదామని వెళ్లి, "ఇంక సారుకీ తగ్గినట్టేనా అమ్మా?" అన్నాను.

ఎస్తేరమ్మ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది.

"వాడికేం రోగం నాయనా! బయట కడుపునిండా తినొచ్చి నా ముందర మూలిగేవాడు. నాకు తెలీదా? పాపం, అంత కష్టపడతా ఉండాడే అని నేనూ రెండు ముద్దలు ఎక్కువే తిన్నా. ఆ డాక్టరమ్మ నేను మూడు కేజీలు పెరిగినానని ఒకటే సంతోషపడతాది. వాడు ఎనిమిది పెరిగినాడు, అడిగే దిక్కు లేదు!"