నూకరత్నం వేలికి అందిన నావ

అండమాన్‌లో మా బతు బస్తీ జాలర్ల సంఘానికి యాభై ఏళ్లు నిండుతున్నాయని ఇంటికొక స్మారక నాణెం ఇవ్వాలనుకున్నారు. బజారులో చెల్లేది కాదు, దాచుకునేది. గ్రంథాలయంలో ఉద్యోగం చేసినవాణ్ణని బొమ్మ గీసే పని నాకు అప్పగించారు. చదివినదంతా అందులో కుక్కాను: జైలు గోపురం, ఇక్కడి అడవుల్లో పెరిగే పడౌక్ చెట్టు, దీవుల పటం, శంఖం, ఓ మూల నావ. దేనికి ఏమిటి అర్థమో అర పేజీ వివరణ కూడా జతచేశాను.

అచ్చు చెక్కడానికి సన్యాసిరావు ఒప్పుకున్నాడు. హాడోలో ఓ వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. ఆయన భార్య నూకరత్నానికి షుగరు వల్ల నాలుగేళ్ల కిందట చూపు పోయింది. అప్పటినుంచీ ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు ఆమె చేతిలో పెడతాడు.

నా బొమ్మను ఇత్తడి ముక్క మీద చెక్కి, సీసంలో ముద్ర తీసి, నా ఎదుటే ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె బొటనవేలు దాని మీద రెండుసార్లు తిరిగింది.

"ఇదేటి, కొబ్బరి కోరేదా?" అంది.

సన్యాసిరావు నవ్వలేదు. నావ తప్ప మిగతావన్నీ తీసేద్దామన్నాడు. నాకు కోపమొచ్చింది. జైలు లేకపోతే ఇది అండమానని ఎవరికి తెలుస్తుందన్నాను. సంఘం అధ్యక్షుడు యుగంధర్ కూడా నా వైపే మాట్లాడాడు. వారంలో తేలకపోతే చెన్నైలో చేయించుకుంటామన్నాడు.

నేను బయల్దేరుతుంటే సన్యాసిరావు గేటు దాకా వచ్చాడు.

"గోపినాథ్ భయ్యా, మీ కాయితం సదివినోల్లకి అన్నీ తెలుస్తాయి. మా ఆవిడికి కల్లు కనబడవు. పిల్లలకి తెలుగు మాటాడ్డం వొచ్చు గానీ సదవడం రాదు, పఢ్‌నా నహీఁ ఆతా. మరి ఈ బిళ్ల ఎవులికి?"

రెండు రోజులు ఆ ప్రశ్న నన్ను ఏ పుస్తకమూ చదవనివ్వలేదు. మూడో రోజు రబ్బరు తీసుకుని గోపురం, చెట్టు, పటం, శంఖం నా చేత్తోనే చెరిపేశాను. గీసినవాడే చెరిపేస్తే నేనేం చెప్పనని యుగంధర్ గొణుక్కుంటూ సంతకం పెట్టాడు.

సన్యాసిరావు మళ్లీ చెక్కాడు. మూడు అలలు, ఒక పక్క ఒడ్డుకు గుర్తుగా మందపాటి గీత, దానికి ముక్కు ఆనించిన నావ. అంతే. ఈసారీ సీసం బిళ్లను భార్య చేతికిచ్చి, లుంగీ అంచు నలుపుకుంటూ పక్కన నిలబడ్డాడు.

నూకరత్నం వేలు అలల మీదుగా పాకింది. నావ వెంట నడిచింది. ఒడ్డు దగ్గర ఆగింది.

"నావే," అంది. వేలు ఒడ్డు గీత మీదే ఆనించి, "ఎల్లిపోతన్నాది కాదు. వొచ్చీసింది. మా అత్తోల్లు దిగిపోనారు."

సన్యాసిరావు మొహం అటు తిప్పుకున్నాడు. మా పెద్దలు సముద్రం దాటొచ్చి ఈ ఒడ్డున దిగడం గురించి నా అర పేజీ వివరణలో ఒక్క ముక్క లేదు. ఆయన అడక్కపోతే నాకెన్నడూ తట్టేది కాదు. అందుకు ఇప్పటికీ మనసులో ఆయనకు దండం పెట్టుకుంటాను.

ఇది ఉత్త సీసమమ్మా, మెరిసేది తర్వాత వస్తుంది, ఇలా ఇవ్వమని చెయ్యి చాపాను.

"ఆ మెరిసేది ఎవులికైనా ఇచ్చీండి అన్నియ్యా," అంటూ ఆమె ఆ బిళ్లను కొంగున ముడేసుకుంది.