స్నానం లేని చావులు

ఎబోలా జబ్బు వచ్చిన సంవత్సరం, వజ్రాల గనులున్న కోయిడు పట్నంలో శవాలను పాతిపెట్టే దళానికి ఆడవాళ్లు కావలసివచ్చారు. ఆడ శవాలను మగవాళ్లు ముట్టుకుంటే జనం రాళ్లు రువ్వుతున్నారు. బజారు మూతపడి, వేరుశనగ ముద్ద అమ్ముకునే ఫిండా ఇంట్లో పొయ్యి వెలగని రోజులవి. అందుకే చేరింది, అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు. ఒళ్లంతా కప్పే తెల్లసూటు తొడుక్కుని ఇళ్లలోకి వెళ్లేది. శవం మీద క్లోరిన్ నీళ్లు చల్లి, సంచిలో పెట్టి, జిప్పు లాగేది. స్నానం లేదు, కొత్తబట్ట లేదు. ముట్టుకుంటే జబ్బు అంటుతుందని కన్నతల్లి చెయ్యి కూడా తగలనిచ్చేది కాదు.

జబ్బు పోయింది గానీ, ఊరు ఫిండాను మళ్లీ దగ్గరికి రానివ్వలేదు.

"తెల్లదయ్యం వస్తోందర్రోయ్! సంచి తెచ్చిందేమో, ఎవరి పొడుగు సరిపోతుందో చూసుకోండి!" అని బజారులో చేపలమ్మే ఆడది అరిస్తే అంతా నవ్వేవాళ్లు. ఫిండా చేసిన ముద్ద ఒక్కరూ కొనలేదు. మొగుడు మొదట వేరే చాప వేసుకున్నాడు. తర్వాత గనుల్లో పని దొరికిందని వెళ్లి, తిరిగిరాలేదు. ఫిండా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. గిన్నె ముట్టుకుంటే కడుక్కునేది, తలుపు ముట్టుకుంటే కడుక్కునేది, ఏమీ ముట్టుకోకపోయినా కడుక్కునేది. క్లోరిన్‌కు వేళ్ల మధ్య తోలు ఊడి, పచ్చిపుండ్లు పడ్డాయి.

ఒకరోజు మంత్రసాని సాటా వచ్చి తలుపు తోసింది. ఆ పేటలో సగంమందికి బొడ్డుకోసిన ముసలామె.

"ఏమే, ఉన్నావా, పోయావా?"

"లోపలికి రాకు పెద్దమ్మా."

"మీ అమ్మ కడుపులోంచి నిన్ను బయటికి లాగినదాన్ని. నీ గుమ్మం తొక్కడానికి నీ సెలవు కావాలేమిటే నాకు?"

సాటా ఆమెను శుక్రవారం కూటానికి లాక్కెళ్లింది. మూతపడ్డ వజ్రాల దుకాణం వసారాలో పేట ఆడవాళ్లు కొందరు కూర్చునేవారు. చెప్పుకోవాలనిపించినవాళ్లు చెప్పుకుంటారు, మిగతావాళ్లు అడ్డురాకుండా వింటారు. ఎలా వినాలో సాటాకు ఆరోగ్యశాఖవాళ్లు నేర్పారు. మరీ బాగాలేనివాళ్లను ఆమే వెంటబెట్టుకుని ఆసుపత్రి నర్సు దగ్గరికి తీసుకెళ్లేది.

ఫిండా స్తంభం పక్కన నలుగురికీ ఎడంగా కూర్చుంది. ఆమె నోరు తెరవకముందే బట్టలు కుట్టే కుంబా లేచింది.

"నా కూతురు సియాను సంచిలో పెట్టి జిప్పు లాగింది ఇదే!" అంది. "నీ చేతికి గౌను ఇచ్చాను. నేనే కుట్టిన నీలం గౌను. తొడిగావా?"

అందరూ ఫిండా వైపు చూశారు. తొడిగానని ఒక్కమాట అనమన్నట్టు సాటా కూడా చూసింది. అనడం ఎంతసేపు? కానీ ఆ పిల్ల ఫిండాకు గుర్తుంది.

"లేదక్కా. తొడగనివ్వరు. గౌను సంచి పక్కన పెట్టాను. తర్వాత దాన్ని కాల్చేశారు."

కుంబా వచ్చి చెంప ఛెళ్లుమనిపించింది. మళ్లీ కొట్టింది. ఫిండా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆడవాళ్లు లేచి పట్టుకునేసరికి కుంబా నేలమీద కూలబడి ఏడుస్తోంది.

మర్నాడు పొద్దున సాటా వెళ్లేసరికి ఫిండా గ్లాసు ముందుపెట్టుకుని కూర్చుని ఉంది. గది నిండా క్లోరిన్ వాసన.

"తాగావా?"

ఫిండా తల అడ్డంగా ఊపింది. "తాగుదామనే పోసుకున్నా."

సాటా గ్లాసు తీసుకెళ్లి పెరట్లో ఒంపేసింది. తిట్టలేదు. కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. ఆనక ఫిండాను నర్సు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ నెలంతా కూటంలోని ఆడవాళ్లు వంతులేసుకుని ఆమె ఇంట్లో పడుకున్నారు. కొందరు ఇష్టంగా వచ్చారు, కొందరు సాటా నోటికి జడిసి వచ్చారు. కర్రపెండలం ఆకు కూర తెచ్చి, దూరంగా పెట్టినవాళ్లూ ఉన్నారు. నర్సు ఇచ్చిన మందులకు ఫిండాకు నిద్రపట్టింది. చేతుల మీద కొత్తతోలు వచ్చింది, మనసు బాగాలేని వారాల్లో మళ్లీ ఊడేది.

వానలు వెళ్లాక కుంబా వచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"మొహం చూశావా దానిది?"

"చూశాను. కళ్లు తెరిచి ఉంటే మూశాను."

"నిద్రపోతున్నట్టుందా?"

"లేదక్కా. కానీ మెల్లగానే ఎత్తాం. విసిరెయ్యలేదు."

"ఎక్కడ పెట్టారో చూపించు," అంది కుంబా.

ఇద్దరూ ముందువెనకలుగా ఊరిబయట శ్మశానానికి నడిచారు. గడ్డి నడుముదాకా పెరిగింది. మట్టిదిబ్బలు కుంగిపోయాయి, పేర్లు రాసిన చెక్కలు చెదలు తినేశాయి. ఫిండా అటూ ఇటూ తిరిగింది, గడ్డి విడదీసి చూసింది, వంగి మట్టి తడిమింది. చెమటలు పట్టాయి.

"ఈ వరసే అనుకుంటా. ఇదో, పక్కదో. గట్టిగా చెప్పలేనక్కా. ఆ రోజు చాలామందిని..."

"చాల్లే," అంది కుంబా.

రెండు దిబ్బల మధ్య చతికిలబడి, చెరోదాని మీద ఒక చెయ్యి వేసింది.

"నువ్వెళ్లు. నేను కాసేపుంటాను."

ఫిండా గేటుదాకా వెళ్లింది. ఇంటికి మాత్రం వెళ్లలేదు. ఎండలో గోడపక్కన నిలబడి, లోపలినుంచి వినిపిస్తున్న ఏడుపు ఆగేదాకా కాచుకుని ఉంది.