నాయనమ్మ చదివిన తాబేలు

పోయిన ఆదివారం నాలుగు నెలల మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నా చిన్ననాటి కథల పుస్తకం తెరిచాను. ఈ వయసు పిల్లకి కథలేమిటని మా ఆయన నవ్వారు. పిల్ల మాత్రం వెంటనే మొదలుపెట్టింది, నోటితో. అట్ట మూల చప్పరించి, బాగానే ఉందన్నట్టు నా వైపు చూసింది. ఆ పుస్తకం నా చేతికి వచ్చినప్పుడు దానికి మరో వాసన ఉండేది. మా నాన్న విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చే ఓడలో ఖలాసీ. ఓడ వచ్చినప్పుడల్లా చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు నింపిన సంచిలో ఒక కథల పుస్తకం కూడా కుక్కి తెచ్చేవాడు. అందుకని మా ఇంట్లో ఏ కథ వినాలన్నా ముందు నాలుగు తుమ్ములు తుమ్మాల్సిందే.

పోర్ట్ బ్లెయిర్ దగ్గరే ప్రోతరాపూర్‌లో మాది చెక్క ఇల్లు, రేకుల కప్పు. వాన పడితే కథ కేకలు పెట్టి చెప్పాల్సివచ్చేది. చెప్పేది మా నాయనమ్మ. సంతకు బయలుదేరిన ముసలి తాబేలు కథ నాకు ప్రాణం. నాయనమ్మ పేజీ తిప్పుతూ చదువుతుంటే ఆ తాబేలు ప్రోతరాపూర్ బస్సెక్కేది, ముందు సీటు కోసం కండక్టరుతో పోట్లాడేది, పక్కనున్నావిడతో కోడలి మీద చాడీలు చెప్పేది. అవన్నీ అచ్చులో ఉన్నాయనే నా నమ్మకం. బడిలో మాకు హిందీ. తెలుగు అక్షరాలు చర్చిలో, ఆదివారం బడిలో నేర్చుకున్నాను. ఏడేళ్ళ వయసులో ఒక శనివారం కూడబలుక్కుని ఆ కథ చదివితే, అందులో బస్సు లేదు. కండక్టరూ లేడు. తాబేలు మొదటి నుంచి చివరి దాకా నడుస్తూనే ఉంది.

మర్నాడు ఆరాధన అయ్యాక, చర్చి వరండాలో అందరూ నిలబడి మాట్లాడుకుంటుండగా, పెద్ద రహస్యం కనిపెట్టినదానిలా అరిచాను. "నాయనమ్మకి చదువు రాదు! అంతా ఉత్తుత్తినే చెప్తోంది!" ఎవరో నవ్వారు. నాయనమ్మ చేతిలో పాటల పుస్తకం ఉంది. పాటలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. పక్కవాళ్ళు పేజీ తిప్పినప్పుడు తనూ తిప్పేదని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ పుస్తకం సంచిలో పెట్టుకుని, నా చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిపించుకొచ్చింది. ఆ మధ్యాహ్నం ఎంతో ఇష్టమైన చేపల పులుసు కూడా వదిలేసి మూల కూర్చున్నాను.

సాయంత్రం ఆవిడే పిలిచింది. "ఏటే, అలా మూల కూకున్నావు? ఆ పుస్తకం తే." తెచ్చి ఇచ్చాను. మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. "నాకు అచ్చరాలు రావు తల్లీ. బొమ్మలు సూసి సెప్పీదాన్ని. ఇకనుంచి నువ్వు సదువు, నానింటాను." తడబడుతూ, ఏడుపు మింగుకుంటూ చివరిదాకా చదివాను. ఆవిడ కాసేపు బొమ్మనే చూసింది. "పాపం, అంత దూరవూ నడిసే ఎళ్ళిందా?" అంది. ఆ రోజు నుంచి నేను చదవడం, ఆవిడ నా వేలి వెంట చూడడం. రెండేళ్ళు తిరిగేసరికి, చర్చిలో పక్కవాళ్ళకంటే ముందే పేజీ తిప్పేది. నన్ను ఒక్క మాటైనా తిట్టకుండా క్షమించిన మనిషిని ఆవిడ తప్ప మరొకరిని నేను చూడలేదు.

ఇదంతా మనవరాలికి చెప్తుంటే, పక్కన పిల్ల బట్టలు మడతపెడుతున్న మా అమ్మాయి చేతులు ఆగిపోయాయి. "మమ్మీ, తెలుగు మాట్లాడ్డం ఠీక్ హై, చదవడం నాకు బిల్కుల్ రాదు. చిన్నప్పుడు పుస్తకం పట్టుకొస్తే నువ్వు థక్ గయీ అనేదానివి." నిష్ఠూరంగా అనలేదు. కానీ నిజం. ఆఫీసు నుంచి వచ్చి అలసిపోయానంటూ పడుకున్న సాయంత్రాలు నాకూ గుర్తున్నాయి. "అవునమ్మా, తప్పు నాదే," అన్నాను. జరిగి, దానికి చోటిచ్చి, అక్షరాల కింద వేలు పెట్టి తాబేలు కథ మొదటినుంచి చదవసాగాను. మూడో పేజీకి పిల్ల నిద్రపోయింది. పుస్తకం మూయబోతే మా అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. "రుకో మమ్మీ! ఇంతకీ సంతకి చేరిందా లేదా?"

ఇక నాకు మిగిలింది మనవరాలి బాల్యమే అనుకున్నాను. గడిచిపోయిందనుకున్న కూతురి బాల్యంలోంచి కూడా ఒక సాయంత్రాన్ని కాలం నాకు తిరిగి ఇచ్చింది.