గుహలో ఎనిమిదోవాడు

షీరాజ్ నగరంలో బొమ్మల పుస్తకాలు తయారుచేసే ఇళ్ళలో నస్రుల్లాది ఒకటి. భార్య గౌహర్ అక్షరాలు రాస్తుంది, ఆమె వదిలిన ఖాళీలో ఆయన బొమ్మ వేస్తాడు. కుడి మోకాలు నిలబెట్టి, దానిమీద పలక ఆనించుకుని, పిల్లివెంట్రుకల కుంచె మొనను పెదాలతో సన్నం చేసుకుంటూ కూర్చుంటాడు. అందుకే ఆయన తెల్లగడ్డానికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకుని ఉంటుంది. రాజైనా, ప్రవక్తైనా, గుర్రాల కాపరైనా ఆయన చేతిలో అందరిదీ ఒకటే చందమామ ముఖం. గురువు నేర్పింది అదే. నలభై ఏళ్ళలో ఒక్క ముఖానికీ ఎవరి పోలికా రానివ్వలేదు.

ఆ వారం, దేవుడు గుహలో మూడు వందల ఏళ్ళు నిద్రపుచ్చిన భక్తుల కథ వచ్చింది. రంగులు ఆరాక గౌహర్ కాగితం తీసుకుని బొమ్మలో మనుషుల్ని వేలితో లెక్కపెట్టింది.

"ఏమయ్యా, నేను రాసింది ఏడుగురనే కదా! వాళ్ళతో ఒక కుక్క. మరి ఈ ఎనిమిదోవాడెవడు? రేపు పుస్తకం కోసం వచ్చేవాడు దీన్ని మన మొహాన కొడతాడు."

నస్రుల్లా కుంచె కడుగుతున్నాడు. ఆమె కాగితాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళింది. ఎనిమిదోవాడి కింది పెదవి పక్కన పుట్టుమచ్చ ఉంది. కిందటేడు మహమ్మారికి పోయిన కొడుకు మెహ్రాబ్‌కి సరిగ్గా అక్కడే ఉండేది.

"చెరిపేస్తాలే" అన్నాడాయన.

గౌహర్ కాగితాన్ని తెచ్చి మళ్ళీ ఆయన పలక మీద పెట్టింది.

"చెరపొద్దు. ఏడుగురని రాసింది గీకేసి, ఎందరో దేవుడికే తెలుసని రాస్తాను. నువ్వు వాడి దుప్పటి భుజాల దాకా లాగు. గుహలో చలిగా ఉంటుంది."