మొహం మాత్రం నిండుగా ఉంది

మా ఆయనకి మెదడులో క్యాన్సర్ గడ్డ తీయించి ఇంటికి తెచ్చాక, జగ్గయ్యపేటలో చూడవచ్చిన వాళ్లంతా మనిషి ఒళ్లు చేశాడన్నారు.

"ఆపరేషన్ అయినోడిలా ఉన్నాడా అసలు? ఆ బుగ్గలు చూడు, పెళ్లినాటికన్నా బాగున్నాయ్," అంది పక్కింటి పిన్నిగారు.

"నీ దిష్టే తగిలేట్టుంది, ఊరుకో వదినా," అంటూ అత్తయ్య నవ్వింది. ఆపరేషన్ మాట విన్నాక ఆమె నవ్వడం అదే మొదలు. సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది కూడా.

స్నానం నేను చేయించేదాన్ని. ఒకరోజు వీపు రుద్దుతుంటే ఆయన మొలతాడు తుంటి మీదికి జారిపోయి కనిపించింది. పైకి లాగాను. నిలవలేదు. భుజాల దగ్గర ఎముకలు చేతికి తగులుతున్నాయి. మొహం మాత్రం గుండ్రంగా ఉంది, వేరే మనిషి తల తెచ్చి పెట్టినట్టు.

ఇంట్లో పథ్యం నడుస్తోంది. కుట్లు పడ్డవాళ్లకి కందిపప్పు, గుడ్లు పెడితే చీము పడుతుందని మా వైపు నమ్మకం. బీరకాయ కూర, కారప్పొడి, చారు. కుట్లు మానాయి, అయినా రేడియేషన్ పూర్తయ్యేదాకా పథ్యం విడవకూడదంది అత్తయ్య.

"డాక్టరుగారు గుడ్లు పెట్టమన్నారు కదా అత్తయ్యా."

"ఆయనకేం, చెప్తాడు. రేపు తలలో చీము పడితే ఎవరు చూస్తారు? నీ పురిట్లో నేను పెట్టిన పథ్యం తినే కదమ్మాయ్ నువ్వు లేచి తిరిగింది!"

నిజమే, తిరిగాను. ఇప్పుడు నందిగామ నుంచి మా అమ్మ ఆయన కోసం తెచ్చిన నాటుకోడి గుడ్లన్నీ మా బాబు తిన్నాడు.

రేడియేషన్ అయ్యాక విజయవాడలో చూపించాం. డాక్టరుగారు మొహం వైపు చూడలేదు. చొక్కా చెయ్యి పైకి లాగి జబ్బ పట్టుకుని చూశారు.

"ఆ బుగ్గలు స్టెరాయిడ్ మాత్రల వల్ల వచ్చిన వాపమ్మా. కండంతా పోయింది. ఈ జబ్బులో ఒంట్లో బలం ఉన్నవాళ్లే ఎక్కువకాలం నిలబడతారు. ఇట్లా చిక్కిపోయినవాళ్లు..." అని ఆగి, "ముందు తినిపించండి. కాస్త కోలుకుంటేనే తర్వాతి మందు మొదలుపెట్టగలం," అన్నారు.

తిరుగుదారిలో అత్తయ్య నందిగామలో కారు ఆపించి, తనే దిగి కందిపప్పూ గుడ్లూ కొంది. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా ముద్దపప్పు వండి, నెయ్యి పోసి కలిపింది.

"ఒక్క ముద్ద, నాన్నా."

"వద్దే అమ్మా."

"నేనే వద్దన్నాగా ఇన్నాళ్లూ. ఇప్పుడు నేనే పెడుతున్నా, తినరా."

ఆమె కోసమే నోరు తెరిచాడు. ముద్ద బుగ్గలోనే ఉండిపోయింది. చివరికి నేను వేలితో బయటికి తీశాను. అప్పటినుంచి రోజూ ఇంతే. పప్పు పలచగా చేస్తే దగ్గు వస్తోంది, గట్టిగా చేస్తే మింగలేకపోతున్నాడు. తర్వాతి మందు ఊసే ఎవరూ ఎత్తడం లేదు.

ఇవాళ బాబుకి నీళ్లు పోస్తుంటే వాడి మొలతాడు నడుముకి గీత పడేట్టు బిగిసి ఉంది. ముడి విప్పి వదులు చేశాను. తర్వాత ఆయనది బిగించాను. ముడి వేశాక తాడు కొస పొడవుగా మిగిలింది. కత్తెర తెచ్చాను.

"కొయ్యమాకమ్మాయ్," అంది అత్తయ్య గుమ్మంలోంచి. "మళ్లీ ఒళ్లు చేస్తే చాలదు."

ఆయన మా ఇద్దరినీ చూస్తున్నాడు. కత్తెర పక్కన పెట్టి, ఆ కొసని నడుం చుట్టూ ఇంకోసారి తిప్పి దోపాను.