ఉదయగిరి పక్క పేటలో పిడికెడు బియ్యం

పోయిన ఏడు నేను నేర్పివచ్చిన పాఠం ఎంతవరకు వంటబట్టిందో చూసి, కాగితం మీద రాసి తెమ్మని మా నెల్లూరు సంఘ పెద్దలు నన్ను మళ్లీ ఉదయగిరి వైపు పంపారు. పాఠం పేరు స్వయంపోషణ. స్వరాజ్యం వచ్చి నాలుగేళ్లయింది, సముద్రం అవతలి క్రైస్తవ మిషను నుంచి వచ్చే డబ్బు ఆగిపోతోంది. ఇకమీదట ఆదివారం ఆరాధన, మిగతా రోజులు బడి నడిపే ఉపదేశిని ఏ పల్లెకాపల్లె పోషించుకోవాలి. పోషించలేని చోట ఉపదేశిని తీసేస్తారు, అతనితో బడీ పోతుంది. నేను నేర్పిన ఉపాయం చాలా సులువు. వంటకు బియ్యం తీసినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తేవాలి. చేసి చూపించడానికి నెల్లూరు నుంచి సన్నబియ్యం కూడా పట్టుకుపోయాను. ఆ ప్రసంగం ఎంత బాగా కుదిరిందో ఏడాది పొడుగునా చెప్పుకు తిరిగాను.

శనివారం ఉదయం ఆరు గంటలకు నెల్లూరులో బస్సెక్కి తొమ్మిదింటికి ఆత్మకూరులో దిగాను. హోటల్లో నాలుగిడ్లీలు, కాఫీ కలిపి మూడణాలు. చట్నీ బాగుంది, కాఫీ సంగతి చెప్పను. ఉదయగిరి బస్సు పదింటికన్నారు గానీ పదకొండున్నరకు కదిలింది. పక్కన కూర్చున్న గొర్రెల వ్యాపారి నా పనేమిటో ఆరా తీశాడు. చెప్పాను.

"రెండేళ్లుగా ఈ పక్క వాన చినుకు లేదు. తిండి లేనోళ్లకు నువ్వు నేర్పేదానికి ఏముండాది?" అన్నాడు.

నవ్వాను. గొర్రెలు అమ్ముకునేవాడికి విశ్వాసం సంగతి ఏం తెలుస్తుందనుకున్నాను. ఉదయగిరిలో దిగేసరికి రెండు దాటింది. కొండ మీద కోట గోడలు ఎండకు మండిపోతున్నాయి. బండి దొరకలేదు. ఒక అంగట్లో మజ్జిగ తాగి, వరికుంటపాడు వైపు ఆరు మైళ్లు నడిచాను. ఈ దారిన పోదలచినవారు తెల్లవారుజామున బయల్దేరడం మంచిది, మధ్యలో నిలబడడానికి నీడ లేదు.

చెరువు కట్ట కింద పద్నాలుగిళ్ల పేట అది. చెరువు ఎండి నెర్రెలిచ్చింది. పొద్దు వాలుతున్నా ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. ఏమిటిదని అడిగితే ఉపదేశి యోహాను, శనివారాలు అందరూ ఉపవాసమే అని చెప్పి తల దించుకున్నాడు. నాకు సంతోషం పట్టలేదు. నేను చెప్పకుండానే వీళ్లు ఉపవాసం కూడా మొదలుపెట్టారు! యోహాను భార్య నాకు మాత్రం అన్నం వండి పెట్టింది. ఎండలో నడిచిన ఆకలి, మారు వడ్డించుకుని తిన్నాను. వాళ్లిద్దరూ తినలేదు.

ఆదివారం ఎనిమిదింటికి ఆరాధన. ఆడవాళ్లు వరసగా వచ్చి ముంతల్లోని బియ్యం గంపలో పోశారు. గంప సగానికి పైగా నిండింది. వాళ్ల ఇవ్వడాన్నీ, వాళ్ల ఉపవాసాన్నీ కలిపి గంటసేపు మెచ్చుకున్నాను. అంతా లేచి వెళ్లాక మరియమ్మ అనే ముసలామె నా దగ్గరికి వచ్చింది.

"ఒక మాట అడగాల నాయనా. దేవుడు సజ్జలు తింటాడా?"

నవ్వొచ్చింది. మనం ఏది తింటే అదే ఆయనకూ ఇష్టమన్నాను. అవ్వ నవ్వలేదు.

"మరి పోయినేడు నువ్వు బియ్యమనే చెప్తివే. చేతిలో పట్టుకోని చూపిస్తివే. మేం బియ్యం వండుకునేది పండక్కే గదా."

అవ్వ సంగతంతా చెప్పింది. ఆడవాళ్లంతా ఊళ్లో ఒక ఆసామి బావి కింది చేలల్లో కూలికి పోతారు. కూలి సజ్జలు. దేవుడికి బియ్యమే పెట్టాలని వీళ్లు నమ్మి, శనివారం కూలి బియ్యంగా ఇమ్మని ఆసామిని అడిగారు. మూడు మానికల సజ్జలకు ఒక మానిక బియ్యం కొలుస్తాడట. ఆ బియ్యం గడప తొక్కకుండా గుడికి వస్తుంది. అందుకే శనివారం పొయ్యి వెలగదు. పిల్లకాయలు కూడానా అని అడిగాను.

"నీళ్లు తాపి పండబెడతాం" అంది.

మూడు పూటలా వరన్నం తినే ఊరివాణ్ణి. వీళ్లు ఏం తింటారో అడగాలని నాకు తోచలేదు. రాత్రి నేను మారు వడ్డించుకున్న అన్నం గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే అందరినీ పిలిచి, ఇకనుంచి సజ్జలే తెండి, తినేదాంట్లోంచే తెండి అని చెప్పబోతుంటే యోహాను అడ్డుపడ్డాడు.

"ఈళ్లు వండేది రోజుకొక్క పూట అయ్యగారూ. దాంట్లో పిడికెడు తీస్తే నా ఇంటికి రెండు రోజులక్కూడా రాదు. బియ్యమైనా సజ్జలైనా శనివారం కూలంతా ఇచ్చి పస్తుంటేనే నేనీడ ఉండేది. ఎవురి బిడ్డ కూడు తింటా ఉండానో నాకు తెలుసు. తెలిసే తింటా ఉండాను."

 అతన్ని తిట్టడానికి నోరు రాలేదు. అతను పోతే బడి పోతుంది. అవ్వే తేల్చేసింది.

"అయితే బియ్యమే తెస్తాంలే. ఇస్తా ఉండామని రాయి నాయనా. పిల్లకాయలు నాలుగక్షరాలు నేర్చుకుంటా ఉండారు."

సోమవారం తెల్లవారకముందే బయల్దేరాను. ఉదయగిరిలో పదకొండు గంటల బస్సు దొరికింది, ఒకటిన్నరకు ఆత్మకూరు చేరాను. నెల్లూరు బస్సుకు గంట టైముంది. ఆ గంటలో కాగితం తీశాను. ఇస్తున్నారు, ఇవ్వడం లేదు అని రెండే గళ్లు. చాలాసేపు చూసి మొదటి దాంట్లో గీత గీశాను.

అనంతసాగరంలో పని చూసుకుని వస్తున్న మా సంఘ పెద్ద ఒకాయన అదే బస్సెక్కి నా పక్కన కూర్చున్నారు. కాగితం అడిగి చదివి, భుజం తట్టారు. ఆ పేటను చూసి అందరూ బుద్ధి తెచ్చుకోవాలన్నారు. వచ్చే వారం కొండాపురం వైపు వెళ్లి ఇదే నేర్పమన్నారు.

శనివారాల సంగతి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. చెబితే బడి మూస్తారు. చెప్పకపోతే ఆ పిల్లలు వారం వారం నీళ్లు తాగి పడుకుంటారు. నా జీతమూ ఆయన చేతిలోనే ఉంది, ఆ మాట దాచను. తమ కాళ్ల మీద తాము నిలబడమని రెండుసార్లు అంత దూరం పోయి చెప్పాను గానీ, నిజం చెప్పి నిలబడడం నాకే చేతకాలేదు.

సరేనన్నాను. అక్కడ ఎన్ని పల్లెలున్నాయని కూడా అడిగాను.

తొమ్మిదన్నారు.