మాణిక్యాంబ చూపించిన మందుల దారి

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో మాణిక్యాంబ ముప్పై రెండేళ్లూ రికార్డు గదిలోనే పనిచేసింది. ఆ గదిలోకి బదిలీ అంటే శిక్ష కిందే లెక్క అని తోటివాళ్లు జాలిపడేవారు. ఆవిడ మాత్రం ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో కూర్చున్న చోటి నుంచే చెప్పేది. ఇంజనీర్లు కూడా వచ్చి ఆవిడ బల్ల దగ్గర నిలబడేవారు. రిటైరయ్యాక కూడా ఉత్తర్వులు చదివే అలవాటు పోలేదు. గురువారం గురువారం పెన్షనర్ల సంఘం గదికి వెళ్లి, కొత్తగా వచ్చిన కాగితాలన్నీ మొదటి అక్షరం నుంచి చివరి సంతకం దాకా చదివేది.

ఒక గురువారం త్రిమూర్తులు వచ్చాడు. కాలవ మీద లస్కరుగా పనిచేసి, లాకుల తలుపులు ఎత్తి దించిన మనిషి. ఇప్పుడు చొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

"ఒంట్లో బాగోలేదా త్రిమూర్తులు గారూ?"

"షుగరండి. బీపీ కూడా ఉందండి. మందులు కొనలేక పొద్దుట మాత్ర వేసుకుని రాత్రిది మానేస్తున్నానండి."

"మీకు హెల్త్ కార్డు ఉందిగా?"

"అది ఆపరేషన్లకేనంట కదండీ. మందులకు పనికిరాదన్నారు."

"ఎవరన్నారు?"

"అందరూ అంటారండి."

మాణిక్యాంబకి ఆ మాట నచ్చలేదు. అందరూ అనేది ఏ కాగితంలోనూ ఉండదని ఆవిడ అనుభవం. ఇంటికెళ్లి పాత ఉత్తర్వులన్నీ తీసింది. రెండు రోజులు పట్టింది. ఆసుపత్రిలో చేరితే కార్డు వర్తించడం ఒక దారి. దీర్ఘకాలిక జబ్బులకు వేరే జాబితా ఉంది. ఆ జాబితాలో ఉన్నవాటికి, ఎంపిక చేసిన ఆసుపత్రుల్లో పరీక్షలు చేసి మందులు ఇవ్వాలి. త్రిమూర్తులి జబ్బులు రెండూ అందులో ఉన్నాయి. ఆ వాక్యాల కింద గీతలు గీసి, మూడు కాపీలు తీయించింది.

ఇద్దరూ బస్సెక్కి రాజమండ్రిలో అలా ఎంపికైన ఒక ఆసుపత్రికి వెళ్లారు. కౌంటర్లో ఉన్న ఆశాజ్యోతి అనే అమ్మాయి కార్డు చూసి తిరిగి ఇచ్చేసింది. "అడ్మిట్ అయితేనే కార్డండి. ఊరికే మందులు ఇవ్వరు."

త్రిమూర్తులు వెనక్కి తిరిగాడు. మాణిక్యాంబ కదల్లేదు, గొంతూ పెంచలేదు. కాగితం కౌంటరు మీద పరిచింది.

"అమ్మా, ఇవ్వకూడదని నీ దగ్గరేదైనా రాసుంటే చూపించు, వెళ్లిపోతాం. ఇవ్వాలని నా దగ్గరుంది. ఒక్కసారి చదువు."

ఆ అమ్మాయి చదివింది. పై ఆఫీసుకి ఫోన్ చేసి మాట్లాడి, కాస్త సిగ్గుపడుతూ అంది: "కొత్తగా చేరానండి, నాకు తెలీదు. పక్క గదిలో పేరు రాయించుకోవాలంట."

లోపల డాక్టరు గట్టిగానే మందలించాడు. మాత్రలు ఎగ్గొట్టినందుకే షుగరు అంత పెరిగిందన్నాడు. రాసిన నాలుగు మందుల్లో మూడు అక్కడే ఇచ్చారు. నాలుగోది లేదు. అప్పుడు మాణిక్యాంబ అడిగింది: "ఇదే మందు జనరిక్ షాపులో తీసుకోవచ్చాండీ?" డాక్టరు చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు విడిగా రాసిచ్చాడు. బయటి షాపులో అది చాలా తక్కువకే దొరికింది.

బస్టాండులో త్రిమూర్తులు మందుల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "నేనొక్కణ్ణే అయితే కౌంటరు దగ్గర్నుంచే వచ్చేసేవాణ్ణండి," అన్నాడు.

"ఈసారి మీరొక్కరే వెళ్తారు. కాపీ మీ దగ్గర ఉంచుకోండి."

తరవాతి నెల అతను ఒక్కడే వెళ్లొచ్చాడు. ఆపై గురువారం సంఘం గది ముందు ఏడుగురు కూర్చుని ఉన్నారు, అందరి చేతుల్లోనూ కార్డులు. త్రిమూర్తులు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏ కాగితం ఎవరికి కావాలో వాళ్లకి చెబుతున్నాడు.

మాణిక్యాంబ గుమ్మంలో ఒక క్షణం ఆగింది. ఉద్యోగంలో ఉండగా ఎన్నడూ అనిపించనంత గొప్పగా అనిపించింది. కళ్లజోడు తుడుచుకుని లోపలికి వెళ్లి, "ముందు ఎవరొచ్చారండీ?" అని అడిగింది.